పత్తికి కొట్టిన మందు బాపుకు ఎక్కింది: పరకాల నుంచి వరంగల్ ఐసీయూ దాకా

సెప్టెంబర్ 9, మంగళవారం. నేను స్కూలు నుంచి ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. బాపు ఇంటి ముందు గద్దె మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అంగీ పూర్తిగా తడిసి ఒంటికి అతుక్కుంది. నోట్లోంచి చొంగ కారుతోంది, తుడుచుకునే ఓపిక కూడా లేదు. కండ్ల నుంచి నీళ్లు. అప్పటికే రెండుసార్లు కక్కాడట, లుంగీలోనే విరేచనం అయింది. పిక్కల మీద చూస్తే చర్మం కింద కండ దానంతట అదే అదురుతోంది. ఆ అదురుడు చూశాక నాకు కాళ్లు ఆడలేదు.

మాది పరకాల దగ్గర పల్లె. మూడెకరాల పత్తి. పచ్చదోమ ఎక్కువైందని పొద్దున ఏడింటి నుంచే చార్జింగ్ పంపుతో మందు కొడుతున్నాడు. ముందు రోజంతా యూరియా కోసం లైన్లో నిలబడ్డాడు కాబట్టి ఈ రోజు పని ఆపకూడదని పట్టు. ముక్కుకు దస్తీ కట్టుకున్నాడు, అంతే. పంపు మూత దగ్గర కారి వీపు తడుస్తూనే ఉందట. మధ్యాహ్నం తలనొప్పి అంటే అమ్మ ఎండ అనుకుంది. మధ్యలో అదే చేతులతో బీడీ కూడా తాగాడు.

అప్పటికే వాకిట్లో పది మంది పోగయ్యారు. ఎవరి వైద్యం వాళ్లది. ఒకరు చింతపండు రసం అన్నారు, ఒకరు ఉప్పు నీళ్లు తాగించి కక్కించమన్నారు, అమ్మ మజ్జిగ కలుపుతోంది. మా ఊరి ఆరెంపీ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆరెంపీలను తిట్టడం మనకు అలవాటు. ఆయన వచ్చి సెల్‌ఫోన్ లైటు బాపు కంట్లో వేసి చూశాడు. కంటి పాప సూది మొనంత ఉంది. "ఇది ఎండ దెబ్బ కాదు బిడ్డా, మందు ఎక్కింది. నా దగ్గర దీనికేం లేదు, సెలైన్ పెట్టుకుంట కూసుంటే పానం పోతది. నోట్లె ఏం పొయ్యకుండ్రి" అన్నాడు. మజ్జిగ చెంబు ఆయనే పక్కన పెట్టించాడు. అలా సోయి తప్పుతున్న మనిషి నోట్లో ఏది పోసినా, కక్కినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతుందట.

4:50కి 108కి ఫోన్ చేశాను. మనిషి మాట్లాడుతున్నాడా, ఊపిరి ఎలా ఉంది, ఏం మందు అని అడిగారు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నారు. బండి వచ్చేలోపు బట్టలన్నీ విప్పి, సబ్బుతో ఒళ్లంతా కడగమన్నారు. అది మాకెవరికీ తట్టలేదు. కొట్టిన మందు చొక్కాలోంచి, వీపు మీద నుంచి ఇంకా లోపలికి దిగుతూనే ఉంటుంది కదా. తమ్ముడు, నేను చేతులకు పాలిథిన్ కవర్లు తొడుక్కుని గోళ్ల సందులు, చెవుల వెనక, జుట్టు కూడా రుద్ది కడిగాం. నలుగురి ముందు అలా కడుగుతుంటే బాపు సిగ్గుతో ముడుచుకుపోయాడు. ఆ బట్టలను వేరే కవర్లో కట్టి దూరంగా పెట్టాం. 5:15కి బండి వచ్చింది.

బండిలో టెక్నీషియన్ అడిగిన మొదటి ప్రశ్న: "మందు కొట్టిండా, తాగిండా?"

ఆ తర్వాత ఆ ప్రశ్న ఎంతమంది నోట విన్నానో. పరకాల దవాఖానలో, వరంగల్‌లో, పోలీసు దగ్గర, చుట్టాల దగ్గర. డాక్టర్లు సూటిగా అడిగారు, చుట్టాలు గొంతు తగ్గించి అడిగారు. డ్యూటీ డాక్టరమ్మ మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఏదైనా సరే నిజం చెప్పమ్మా, తిట్టేవాళ్లు ఎవరూ లేరిక్కడ. తాగితే కడుపులో ఇంకా ఉంటుంది, కొడితే ఒంటి మీద ఉంటుంది, చూసుకునే తీరు మారుతుంది" అన్నారు. ఆ తీరు నాకు నచ్చింది. ఊళ్లో అప్పటికే 'తాగిండట' అని పాకిపోయిందని తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు.

పరకాలలో ఆరు గంటలకు చేర్చాం. నాడి 52. ఛాతీ మీద స్టెత్ పెట్టక్కర్లేదు, గరగర బయటికే వినిపిస్తోంది. ఆక్సిజన్ పెట్టారు. నర్సు ట్రేలో చిన్న చిన్న గాజు సీసాలు వరుసగా పెట్టుకుంది. అట్రోపిన్, ఒక్కోటి 0.6 మిల్లీగ్రాములు. మొదట మూడు ఒకేసారి. 5 నిమిషాలు చూశారు, గరగర తగ్గలేదు. ఆరు. మళ్లీ 5 నిమిషాలు. పన్నెండు. సీసాల మెడలు టక్ టక్‌మని విరుస్తుంటే గాజు గీసుకుని ఆమె బొటనవేలి నుంచి రక్తం వచ్చింది. గ్లౌజు మార్చుకుని మళ్లీ విరిచింది. ఒక మనిషికి ఒకే ఇంజెక్షన్ అన్నిసార్లా అని అమ్మ ఏడుపు. డాక్టరమ్మ అమ్మకు మామూలు మాటల్లోనే చెప్పారు: నరాలు కండలకు, గ్రంథులకు కబురు పంపే రసాయనం ఒకటి ఉంటుంది, పని అయ్యాక దాన్ని కరిగించే ఎంజైమ్ ఉంటుంది. ఈ పురుగుమందు ఆ ఎంజైమ్‌ను పట్టేసుకుంటుంది. కబురు ఆగదు. అందుకే చెమట ఆగదు, చొంగ ఆగదు, ఊపిరితిత్తుల్లో నీరు ఊరడం ఆగదు. అట్రోపిన్ ఆ తడిని ఆపేదాకా రెట్టింపు చేస్తూ పోవాల్సిందే.

ఆమె పదే పదే చూసింది కంటి పాప కాదు. ఛాతీలో గరగర పోయిందా, నాడి 80 దాటిందా, బీపీ నిలిచిందా, చంకలో తడి ఆరిందా. మూడో విడత తర్వాత చంకలో చెయ్యి పెట్టి చూసి, "ఆరింది" అన్నారు. అప్పటికి 6:25. రిఫర్ కాగితం మీద ఎన్ని గంటలకు ఎంత ఇచ్చారో, మొత్తం 12.6 మిల్లీగ్రాములని పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. ఆ కాగితం చేతిలో లేకపోతే తర్వాత ఏమయ్యేదో. వరంగల్‌లో ప్రతి డాక్టరూ ముందు దాన్నే అడిగారు, ఎందుకంటే ఇచ్చిన మొత్తంలో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా గంట గంటకు డ్రిప్‌లో పోవాలి.

డబ్బా సంగతి. "మందు ఏది?" అంటే "పురుగుమందు" అంటే సరిపోదు. తమ్ముడు చేను దగ్గరికి బండి మీద పోయి డబ్బాల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టాడు. రెండు రకాలు కలిపి కొట్టాడు బాపు. ఒకటి ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసినది, రెండోది ఏదో టానిక్. లేబుల్ మీద పేరు, శాతం, విరుగుడు చదివేలా దగ్గరి నుంచి తీసిన ఫొటో చాలు, కారే డబ్బాను బండిలో వేసుకుని రావద్దు అన్నారు. తర్వాత ఐసీయూ వరండాలో జమ్మికుంట వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని చూశాను. వాళ్ల అబ్బాయి గడ్డి మందు మింగాడు. ఏ గడ్డి మందు అంటే వాళ్లకు తెలియదు. డాక్టర్ ముఖం మారిపోయింది. గ్లైఫోసేట్ అయితే ఒక దారి, పారాక్వాట్ అయితే దానికి విరుగుడే లేదు, ఆక్సిజన్ కూడా చూసి చూసి ఇవ్వాలి. వాళ్ల బాబాయి రాత్రికి రాత్రి ఊరికి పోయి డబ్బా వెతికాడు. ఏమైందని అడగడానికి నాకు నోరు రాలేదు.

అంబులెన్స్ దొరికేసరికి 40 నిమిషాలు పట్టింది. వరంగల్‌లో మొదట వెళ్లిన చోట వెంటిలేటర్ ఖాళీ లేదు. రెండో చోట కౌంటర్ దగ్గర కుర్రాడు "పాయిజన్ కేసు, పోలీస్ కేసు, పెద్ద సార్‌ను అడగాలె" అని ఫోన్ పట్టుకుని లోపలికీ బయటికీ తిరిగాడు. అడ్వాన్సు 50 వేలు కట్టమన్నాడు. బాపు అంబులెన్స్‌లోనే ఉన్నాడు, డ్రిప్ నడుస్తోంది. లా చదువుతున్న మా చిన్నాన్న కొడుకు వచ్చి, 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో ఆ కౌంటర్ మీదే గట్టిగా చెప్పాడు: పోలీసు కాగితాల కోసం ఏ డాక్టరూ, ఏ దవాఖానా అత్యవసర వైద్యం ఆపకూడదు. వాడి గొంతుకు జనం పోగయ్యారు గాని బెడ్ మాత్రం రాలేదు. న్యాయం మన దిక్కున్నా గడియారం ఉండదు. మూడో చోటుకు పోయాం. అక్కడ ముందు లోపలికి తీసుకున్నారు, తర్వాత డబ్బు అడిగారు. రాత్రి 9:10కి ఐసీయూలో బెడ్.

విషం కేసు ఏదైనా ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు, రాస్తారు. తాగినా, కొట్టినా, పొరపాటున పడినా. కానిస్టేబుల్ వచ్చి తమ్ముడి దగ్గర వాంగ్మూలం రాసుకున్నాడు. భయపడాల్సింది ఏమీ లేదు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ మందు, ఎవరు చూశారు, అంతే. ఆధార్ జిరాక్సు ఒకటి దగ్గర ఉంటే పని తొందరగా అవుతుంది.

ఆ రాత్రి, మరుసటి రోజు బాపు మనిషిలా లేడు. అట్రోపిన్ ఎక్కువైతే అలా ఉంటుందట. ఒళ్లు కాలిపోతోంది, మొహం ఎర్రగా, నాలుక ఎండిపోయి అంగిలికి అంటుకుంటోంది. మూత్రం బిగుసుకుపోతుందని ట్యూబు వేశారు. ఎవరినీ గుర్తు పట్టడం లేదు. రెండు చేతులూ గాలిలో కదులుతున్నాయి. వేళ్లు ముందుకు చాపడం, ఏదో తెంపడం, నడుము పక్కకు తెచ్చి వేయడం. అమ్మే ముందు గుర్తు పట్టింది: "పత్తి ఏరుతున్నడే." నడుముకు కట్టుకునే ఒడిలో వేస్తున్నాడు, ఒడి లేదు. డ్రిప్ సూది పీకేస్తున్నాడని గాజుగుడ్డతో చేతులు మంచానికి కట్టారు. మా పెద్దమ్మ గాలి సోకిందని ఊరి నుంచి నిమ్మకాయలు పంపింది. డాక్టర్ డ్రిప్ వేగం కాస్త తగ్గించాక 10వ తేదీ రాత్రికి కుదుటపడ్డాడు. పామ్ అనే ఇంకో ఇంజెక్షన్ కూడా పెట్టారు. దాని వల్ల ఎంత లాభమన్న దాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదని ఆయనే చెప్పారు, నాకు ఆ మాట దాచకుండా చెప్పడం మంచిగా అనిపించింది.

11వ తేదీ గురువారం పొద్దున బాపు కండ్లు తెరిచి "చాయ్ ఉన్నదా" అన్నాడు. మా సంబరం చెప్పలేను. చుట్టాలు సంచులు సర్దుకున్నారు. మామ అయితే డిశ్చార్జ్ ఎప్పుడని అడగడానికి పోయాడు. ఇక్కడే అందరూ ఆగి చదవాలి.

రౌండ్స్‌కు వచ్చిన పీజీ డాక్టర్ దుప్పటి సర్దుతూ, "దిండు మీద నుంచి తల లేపు పెద్దయ్యా" అన్నాడు. బాపు లేపలేకపోయాడు. గడ్డం కొంచెం కదిలింది, మెడ నరాలు తేలాయి, తల దిండు మీదే ఉంది. "ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి లెక్కపెట్టు" అన్నాడు. ముందు రోజు రాత్రి 20 దాకా వచ్చిన మనిషి 9 దగ్గర ఆగిపోయాడు. ఆ అబ్బాయి ఏమీ మాట్లాడకుండా పెద్ద డాక్టర్‌ను పిలవడానికి పోయాడు. మందు ఎక్కిన 24 నుంచి 96 గంటల మధ్య ఇలా రెండో దెబ్బ కొడుతుందట. చెమట, చొంగ అన్నీ తగ్గి మనిషి బాగున్నట్టే ఉంటాడు, మెడ, భుజాలు, ఊపిరి తీసే కండరాలు మాత్రం పట్టు వదిలేస్తాయి. దీనికి అట్రోపిన్ పని చేయదు. కండరాలు కోలుకునేదాకా యంత్రం ఊపిరి పోయాలి. బాగానే ఉన్నాడు కదా అని ఆ పొద్దున మేం సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోయి ఉంటే, రాత్రి నిద్రలోనే ఊపిరి ఆగేది. సాయంత్రం 4 గంటలకు గొట్టం వేశారు.

తర్వాత రోజులన్నీ ఒకటే తీరు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట లోపలికి వదులుతారు. మిగతా టైమంతా వరండా. చార్జింగ్ పాయింట్ దగ్గర చాప దొరికితే అదృష్టవంతులం. బిల్లులో రానివి మనమే కొనాలి: డైపర్లు, అండర్‌ప్యాడ్లు, తడి టిష్యూలు, గ్లౌజులు, గొట్టంలో కఫం లాగే సన్న పైపులు. రోజుకు వెయ్యి, పన్నెండు వందలు వీటికే. రాత్రి ఒంటి గంటకు "పేషెంట్ అటెండర్" అని పేరు పిలిస్తే గుండె ఆగుతుంది, తీరా చూస్తే చీటీ చేతిలో పెట్టి మెడికల్ షాపుకు పంపుతారు.

ఐసీయూ, వెంటిలేటర్, మందులు కలిపి రోజుకు 18 వేల నుంచి 22 వేలు. మొదట అమ్మ బంగారు గుండ్లు కుదువ పెట్టాం. నా చిట్టీ పాడాను, తొందరలో పాడితే ఎంత పోతుందో తెలిసిందే. ఇంకా తక్కువ పడితే మందుల దుకాణం షావుకారు 40 వేలు ఇచ్చాడు, రెండు రూపాయల మిత్తికి. పురుగుమందు ఉద్దెర ఇచ్చిందీ ఆయనే. మంచోడే, కాని ఆ రోజు ఆ నోట్లు లెక్కపెడుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అదే వారం వరండాలో దూరపు చుట్టం ఒకాయన నా పక్కన కూర్చుని, "మీ బాపుకు ఏండ్లెన్ని బిడ్డా? 59 దాటలేదు గద" అన్నాడు. రైతు బీమా లెక్క, 59 ఏండ్ల లోపు రైతు చనిపోతే ఇంటివాళ్లకు వచ్చే సర్కారు బీమా డబ్బు. లేచి వెళ్లి కుళాయి దగ్గర నిలబడ్డాను.

వారం దగ్గర పడ్డాక గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి అక్కడి నుంచి గొట్టం పెట్టే మాట ఎత్తారు. ఎక్కువ రోజులు నోట్లో గొట్టం ఉంచడం మంచిది కాదని. రెండు రోజులు ఆగవచ్చా అని అడిగితే, ఆగవచ్చు, మెడ బలం చూసి చెబుదాం అన్నారు. అడిగితే కోపం చేయరు, అడగాలి. 18వ తేదీ పొద్దున నేను లోపల ఉండగానే పీజీ డాక్టర్ మళ్లీ అదే మాట అన్నాడు. బాపు తల దిండుకు రెండు వేళ్ల ఎత్తు లేచింది. డాక్టర్ ఐదు దాకా లెక్కపెట్టాడు, దిగలేదు. 19న మెల్లమెల్లగా యంత్రం తగ్గించి గొట్టం తీశారు. గొంతు బొంగురుపోయి రెండు రోజులు మాట బయటికి రాలేదు. 21న ఎంగిలిపూల బతుకమ్మ. అమ్మ మా ఊరి ఆడవాళ్ల వీడియో కాల్‌లో పాటలు పెట్టి బాపు చెవి దగ్గర ఉంచింది, ఆయనకు మాత్రం ఉప్మా మీదే ధ్యాస.

వార్డుకు మార్చాక సైకియాట్రీ డాక్టరమ్మ వచ్చారు. విషం కేసులన్నిటికీ వస్తారట. బాపుకు కోపం వచ్చింది, "నేను తాగలే మేడమ్, ఎన్ని తీర్ల చెప్పాలె" అన్నాడు. ఆమె కుర్చీ లాక్కుని, తాగారని కాదు, ఇంత జరిగాక నిద్ర పడుతోందా, అప్పుల సంగతి ఏంటి అని అడిగారు. బాపు అరగంట మాట్లాడాడు. మాతో ఎప్పుడూ చెప్పని అప్పు ఒకటి ఆమెకు చెప్పాడు. వెళ్తూ 14416 నంబర్ రాసిచ్చారు, టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య సహాయ నంబర్, ఎప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు. నర్సు ఇంకో నంబర్ కూడా ఇచ్చింది: ఢిల్లీ ఎయిమ్స్ విషాల సమాచార కేంద్రం, 1800 116 117, 24 గంటలూ ఉచితం. రెండూ ఫోన్‌లో వేసుకున్నాను.

24న డిశ్చార్జ్. మొత్తం రెండు లక్షల అరవై వేల పైచిలుకు, బయట కొన్నవి కాక. కాగితం మీద రాసినవి: మళ్లీ చెప్పేదాకా మందు కొట్టడం కాదు, కొట్టిన చేనులోకి కూడా పోవద్దు. రెండు మూడు వారాల తర్వాత పాదాలు తిమ్మిరెక్కినా, చెప్పు జారిపోతున్నా తెలియకపోయినా వెంటనే రావాలి, కొందరికి నరాలు ఆలస్యంగా దెబ్బతింటాయి. రక్తంలో కోలినెస్టరేస్, అంటే పురుగుమందు పట్టేసుకునే ఆ ఎంజైమ్, పరీక్ష మళ్లీ చేయించాలి.

అక్టోబర్ 8న చూపించుకున్నాం. ఎంజైమ్ పెరుగుతోంది, ఇంకా మామూలుకు రాలేదు. పాదాలు బాగున్నాయి. మెట్లు ఎక్కితే ఆయాసం ఉంది. మిగిలిన మందు తమ్ముడు కొట్టాడు, రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల అంగీ, కళ్లద్దాలతో. పంపుకు కొత్త మూత వేయించాం, 120 రూపాయలు. ఆ వేషం చూసి ఊళ్లో నవ్వారు, నవ్విన వాళ్లలో ఇద్దరు తర్వాత గ్లౌజులు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. పరకాలలో ఎరువుల దుకాణాల్లో లేవు, హార్డ్‌వేర్ షాపులో దొరికాయి.